నూనె అందకపోతే వెలిగే దీపం

ఇంట్లో దీపం నూనె అయిపోతే కొండెక్కుతుంది. కారు డాష్‌బోర్డు మీది ఎర్ర దీపానిది తిరకాసు పద్ధతి, నూనె అందనప్పుడే వెలుగుతుంది. ముక్కు చివర చుక్క వేలాడుతున్న నూనె డబ్బా బొమ్మ అది. తాళంచెవి తిప్పగానే కనిపించి, ఇంజన్ అందుకున్న రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. (తాళంచెవి తిప్పినప్పుడు అసలే వెలగకపోతే సంబరపడకండి. బల్బో తీగో పోయిందన్నమాట.)

కిందటి వేసవిలో మా బావగారి పదమూడేళ్ల కారులో ఆ దీపం సిగ్నళ్ల దగ్గర మినుకుమనడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు జాడ ఉండదు. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో బండి ఆగితే వస్తుంది, యాక్సిలరేటర్ కాస్త తొక్కితే పోతుంది. "తొక్కితే పోతోంది కదా" అని ఆయన నాలుగు రోజులు అలాగే తిరిగారు. ఇంజన్ పట్టేయకపోవడం ఆయన అదృష్టం.

ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉందో ఆ దీపానికి తెలియదు. దాని వెనక ఉన్నది ఇంజన్‌కు బిగించిన బొటనవేలంత స్విచ్. లోపల ఒక పల్చటి పొర, దానికి ఎదురు నిలిచే స్ప్రింగు. ఆయిల్ ఒత్తిడి స్ప్రింగును గెలిస్తే కరెంటు తెగి దీపం ఆరుతుంది, గెలవలేకపోతే వెలుగుతుంది. చాలా కార్లలో ఆ గీత 0.3 నుంచి 0.5 బార్ మధ్య ఉంటుంది, అంటే సుమారు 4 నుంచి 7 పీఎస్‌ఐ. టైరులో గాలి 32 పెట్టమంటామే, అదే కొలత. బాగా వేడెక్కిన ఆరోగ్యమైన ఇంజన్‌లో బండి ఆగి ఉన్నప్పుడు సుమారు 15, రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు 40, 50 ఉంటుంది. 45 ఉండాల్సినది 12కు పడిపోయినా ఈ దీపం నోరు మెదపదు. మెదిపిందంటే వ్యవహారం అప్పటికే అడుగంటింది.

పంపు ఆయిల్‌ను తోస్తుంది, అంతే. ఒత్తిడి పుట్టేది ఆ ఆయిల్ ఇరుకు సందుల్లోంచి దూరాల్సి రావడం వల్ల. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ అనే ఇరుసుకూ, దాన్ని మోసే బేరింగుకూ మధ్య సందు దాదాపు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, తలవెంట్రుక మందమంత కూడా ఉండదు. బేరింగులు అరిగి ఆ సందు పెరిగితే వీధిలో అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పినట్టే, పై అంతస్తుకు నీళ్లెక్కవు. వేడి కూడా దీనికి తోడవుతుంది. మామూలు 5డబ్ల్యూ-30 రకం ఇంజన్ ఆయిల్‌కు 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకు చేరేసరికి ఆరో వంతు మిగులుతుంది. పైగా ఆగిన బండిలో పంపు కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. బావగారి దీపం మధ్యాహ్నం సిగ్నళ్లనే ఎంచుకోవడానికి కారణం ఇది.

మరి ఆ కాస్త ఒత్తిడే పిస్టన్ల దెబ్బలన్నీ కాచుకుంటుందా? లేదు. ఈ సంగతి కారు ఇంకా రోడ్డెక్కకముందే బయటపడింది. 1883లో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తూ, నూనె పోయడానికి బేరింగు నెత్తిన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగగానే పోసిన దారినే నూనె పైకి పొంగింది. బెండు బిరడా కొట్టాడు, ఊడి వచ్చింది. చెక్క బిరడా కొట్టాడు, అదీ నిలవలేదు. గేజ్ పెడితే ముల్లు 200 పీఎస్‌ఐ దాటింది. బేరింగు మీద పెట్టిన సగటు భారం అందులో సగమే! తిరిగే ఇరుసు నూనెను తనతో ఇరుకులోకి ఈడ్చుకుపోయి, తనను మోసే ఒత్తిడిని తానే పుట్టించుకుంటోంది. 1886లో ఓస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం కట్టాడు. కారులో పంపు చేసేది ఆ పొరకు నూనె తరగకుండా అందించడం. అందకపోతే పొర తెగి, లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది.

కాబట్టి నడుస్తుండగా ఎర్ర దీపం వెలిగితే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. చదునైన చోట పది నిమిషాలు ఆగి, ఆయిల్ మట్టం చూపే పుల్ల, అదే డిప్‌స్టిక్, తుడిచి చూడాలి. ఆయిల్ తక్కువుంటే పోయండి. పోసి స్టార్ట్ చేశాక కూడా దీపం ఆరకపోతే, బండిని లాక్కెళ్లాల్సిందే.

బావగారి కారులో డిప్‌స్టిక్ పై గుర్తు దాకా తడిసింది. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ ఆ ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది, పెట్రోలు కలిసి పలచబడిందేమోనని వాసన చూశాడు. లేదు. "స్విచ్ మార్చేయండి, పోతుంది" అన్నారు బావగారు. "మారుస్తాను సార్, ముందు మీటర్ ఏం చెబుతుందో చూద్దాం" అంటూ అతను స్విచ్ విప్పి, అదే రంధ్రానికి గేజ్ గొట్టం బిగించాడు. స్విచ్చే పాడైతే గేజ్ మామూలు అంకె చూపించేది, ఖర్చు వందల్లో తేలేది. ఇంజన్ కాగాక ముల్లు 5 దగ్గర వణికింది. నిమిషానికి 2,000 చుట్లకు పెంచితే 18.

చిక్కటి ఆయిల్ పోసి ముల్లును పైకి లేపేవాళ్లూ ఉన్నారు. అది దీపం నోరు మూయించడమే తప్ప మరమ్మతు అనిపించుకోదు. ఇతను మాత్రం ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దించాడు. ఒక బేరింగు విప్పి గోటితో గీకాడు, గోటికి ఎక్కడా గీత తగల్లేదు, అంటే బేరింగు బాగానే ఉంది. ఆయిల్ పీల్చే జల్లెడకు మాత్రం నల్లటి మడ్డితో పాటు రబ్బరు ముక్కల్లాంటివి అంటుకుని ఉన్నాయి. గతంలో ఎవరో చాంబర్ బిగిస్తూ ధారాళంగా పూసిన ప్యాకింగ్ పేస్ట్ అది. పంపు విప్పితే అందులో మెంతిగింజంత ముక్క ఒత్తిడి వాల్వు కింద ఇరుక్కుని దొరికింది. ఒత్తిడి మితిమీరితే తెరుచుకోవాల్సిన వాల్వు అది. మూసుకోలేక నోరు తెరుచుకునే ఉండి, పంపు తోసిన ఆయిల్‌లో చాలా భాగాన్ని వెనక్కు వదిలేస్తోంది.

అన్నీ కడిగి బిగించి, కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్ వేశాక వేడి ఇంజన్ మీద ముల్లు 16 దగ్గర కుదురుగా నిలబడింది. పాత స్విచ్‌నే మళ్లీ బిగించాడు. బావగారు ముందు జాగ్రత్తగా కొనుక్కొచ్చిన కొత్త స్విచ్ పొట్లం విప్పకుండా ఇప్పటికీ డాష్‌బోర్డు అరలోనే ఉంది.