తెలుగు తొలి ముద్రణల సేకరణ: అపోహలు - వాస్తవాలు

ఇరవై ఆరేళ్లుగా పాత తెలుగు పుస్తకాలు కొంటున్నాను, అమ్ముతున్నాను. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఊళ్లలో పాత ఇళ్ల అటకల మీద, తూకానికి కాగితాలు కొనేవాళ్ల గోనెసంచుల్లో, ఎక్కడ దొరికితే అక్కడ వెతుకుతాను. వారానికి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి, "మా తాతగారి పుస్తకాలండీ, వందేళ్ల నాటివి, ఎంతొస్తుంది?" అని అడుగుతారు. వాళ్లతో మాట్లాడినప్పుడల్లా అవే అపోహలు ఎదురవుతున్నాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: పాతదైతే చాలు, విలువైనదే.

పుస్తకం వయసు వేరు, అరుదు కావడం వేరు. భారతం, భాగవతం, ప్రబంధాలు లాంటివి మద్రాసులో వావిళ్లవారి వంటి సంస్థలు మళ్లీ మళ్లీ అచ్చువేశాయి. కొన్నవాళ్లు వాటిని గుడ్డలో చుట్టి, పసుపు కుంకుమ పెట్టి దాచుకున్నారు. కాబట్టి వందేళ్లు దాటినా అవి ఇంకా దొరుకుతున్నాయి. గుజిలీ ప్రతులు (బజార్లో అమ్మే చవక పుస్తకాలు), నాటకం పాటల పుస్తకాలు, పిల్లల వాచకాలు, పంచాంగాలు అలా కాదు. అణా, రెండణాలు పెట్టి కొన్నారు, చదివారు, చిరిగిపోయాక పొయ్యిలో వేశారు. వాటిలో ఒక్కటి అట్టతో సహా కనిపిస్తే నాకు ఆ రోజు అన్నం కూడా గుర్తుండదు.

అపోహ: లోపల "ప్రథమ ముద్రణ" అని ఉంది, ముందుమాట కింద తేదీ ఉంది. ఇంకేం కావాలి?

ఇంకా చాలా కావాలి. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

ప్రచురణకర్త మారినప్పుడు కొత్తాయన తన మొదటి ముద్రణనే "ప్రథమ ముద్రణ" అని వేసుకోవడం మామూలే. అంతకుముందు వేరే ఊళ్లో, వేరే ప్రెస్సులో అదే పుస్తకం రెండుసార్లు వచ్చి ఉండొచ్చు. "ముద్రణ", "కూర్పు" అనే మాటలు కూడా అందరూ ఒకేలా వాడలేదు. రచయిత తిరగరాస్తే కూర్పు మారినట్టు. ఉన్నది ఉన్నట్టు మళ్లీ అచ్చువేస్తే అది ముద్రణ మాత్రమే. చాలామంది ప్రచురణకర్తలు ఈ తేడా పాటించలేదు.

ముందుమాట తేదీ ఇంకా పెద్ద వల. శ్రీశ్రీ "మహాప్రస్థానం"కి చలం "యోగ్యతాపత్రం" రాసింది 1940లో. పుస్తకం వచ్చింది 1950లో, నళినీకుమార్ ప్రచురణగా. మధ్యలో పదేళ్లు! చలం తేదీ చూసి "ఇది 1940 పుస్తకం" అని నాతో గట్టిగా వాదించినవాళ్లున్నారు. పైగా తర్వాతి ముద్రణల్లోనూ ఆ ముందుమాట అలాగే ఉంటుంది కాబట్టి ఆ తేదీతో తొలి ముద్రణను గుర్తుపట్టలేం.

ఇక తెలుగు సంవత్సరాలు. పాత పుస్తకాల మీద చాలాసార్లు క్రీస్తు శకం ఉండదు, "హేవిళంబి" అనో "సౌమ్య" అనో ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. హేవిళంబి అంటే 1897 కావచ్చు, 1957 కూడా కావచ్చు. అప్పుడేం చేయాలి? వెల చూడాలి. మన దేశంలో దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. "రు. 1-8-0" అని రూపాయి, అణా, పైల లెక్కలో ఉంటే దాదాపు ఖాయంగా అంతకుముందుది. నయా పైసల్లో ఉంటే తర్వాతిది. 1964లో "నయా" అనే మాట తీసేశారు కాబట్టి "న.పై." అని కనిపిస్తే ఆ ఏడేళ్ల మధ్య పుస్తకమని అనుకోవచ్చు. అయితే వెల అచ్చులో ఉందా, రబ్బరు స్టాంపుతో వేశారా అన్నది కూడా చూడండి. అమ్ముడుపోని పాత ప్రతుల మీద కొత్త వెల స్టాంపు వేసి అమ్మడం ఉండేది.

చివరి పేజీల్లో, వెనక అట్ట మీద ఉండే "మా ఇతర ప్రచురణలు" జాబితా నాకు ప్రాణం. అందులో 1955లో వచ్చిన పుస్తకం పేరు కనిపిస్తే, చేతిలో ఉన్న ప్రతి 1948 నాటిది కావడానికి వీల్లేదు. తప్పొప్పుల పట్టిక కూడా అంతే. మొదటి ముద్రణలో విడి చీటీగా పెట్టిన తప్పులు రెండోసారికి లోపల సరిదిద్దుతారు. ఆ చీటీ ఉందంటే అది ఒక సాక్ష్యం. చాలా ఇళ్లలో ముందు చింపి పారేసేవి ఇవే.

అపోహ: తొలి ముద్రణ ఒక్కటే సేకరించదగ్గది.

"కన్యాశుల్కం" సంగతి చూడండి. 1892లో నాటకం ఆడారు, 1897లో పుస్తకం వచ్చింది. 1909లో గురజాడ దాన్ని తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. మొదటిదాంట్లో అయిదు అంకాలు, రెండోదాంట్లో ఏడు. మనందరం చదువుకున్నది, మన నోళ్లలో నానుతున్నది ఈ రెండోదే. మధురవాణికి ఇప్పుడున్న వన్నె అంతా అక్కడ వచ్చిందే. 1897 ప్రతి దొరికితే అది నిధే, సందేహం లేదు. కానీ 1909 ప్రతిని "రెండో ముద్రణ కదా" అని పక్కన పెట్టేవాడికి సాహిత్యం తెలియదనే నేనంటాను.

అలాగే 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి గారు శ్రీశ్రీ సొంత చేతిరాతతో "మహాప్రస్థానం" తెచ్చారు, శ్రీశ్రీ గొంతుతో ఒక క్యాసెట్ కూడా. తొలి ముద్రణ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లకు వచ్చిన పుస్తకం అది. అయినా దానికోసం వెతికేవాళ్లు తక్కువేం లేరు.

కథల విషయంలో అసలు తొలి అచ్చు పుస్తకంలో ఉండదు, పత్రికలో ఉంటుంది. గురజాడ "దిద్దుబాటు" 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. అందుకే పాత భారతి సంచికలు, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు తూకానికి వేసేముందు దయచేసి ఒక్కసారి ఆగండి.

అపోహ: చక్కగా బైండు చేయించి, అట్టకి లామినేషన్ వేయిస్తే విలువ పెరుగుతుంది.

ఇది చదువుతున్నవాళ్లలో ఒక్కరినైనా ఆపగలిగితే చాలు. మొదట్లో నేనే ఈ తప్పు చేశాను. 1940ల నాటి ఒక కవిత్వ సంపుటిని బైండింగుకి ఇచ్చాను. తిరిగి వచ్చేసరికి అంచులు మూడువైపులా కోసేశారు, అట్ట తీసేశారు. చివర ఉన్న ప్రకటనల పేజీ "పనికిరానిది కదా సార్" అని పారేశారు. ఎర్ర కాలికో గుడ్డ బైండు మాత్రం మెరిసిపోతోంది. అలాంటి ప్రతి నాకు మళ్లీ దొరకలేదు.

సెలోటేప్ ఇంకా ఘోరం. నాలుగేళ్లలో జిగురు పసుపు రంగుకి తిరిగి కాగితంలోకి ఇంకిపోతుంది, ఆ మరక ఇక పోదు. లామినేషన్ ఒకసారి వేశాక తీయలేం. చిరిగిన పేజీని అలాగే ఒక కాగితం కవరులో పెట్టి ఉంచడమే మేలు.

కాగితం గురించి మరో మాట. 1850ల నాటి పుస్తకం గట్టిగా ఉండి, 1940ల నాటిది వేలు తగిలితే పొడి అవుతుంటే ఆశ్చర్యపోకండి. పాతవాటిలో చాలా మటుకు గుడ్డపీలికల గుజ్జుతో చేసిన కాగితం. తర్వాతది చెక్క గుజ్జు, అందులోని ఆమ్లమే కాగితాన్ని తినేస్తుంది. యుద్ధకాలంలో కాగితం కొరత వల్ల నాసిరకం కూడా వాడారు. ఎండ, తేమ తగలనివ్వకండి. పురుగు పట్టిన పుస్తకాన్ని ఎండలో ఆరబెట్టే బదులు, గాలి చొరని ప్లాస్టిక్ కవరులో మూసి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి, ఒక రోజు ఆగండి.

అపోహ: లోపల రాతలుంటే పుస్తకం పాడైనట్టే.

ఎవరు రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. రచయిత తన స్నేహితుడికి రాసిచ్చిన రెండు వాక్యాలు కొన్నిసార్లు పుస్తకం కంటే విలువైనవి. లైబ్రరీ స్టాంపు మాత్రం వేరే విషయం. లైబ్రరీ వాళ్లే ఆ పుస్తకాన్ని తొలగించినట్టు ముద్ర లేకపోతే అది దొంగసొత్తు కావచ్చు. నేను కొనను, మీరూ కొనకండి.

అపోహ: మన పుస్తకమే కదా, అమెరికా తీసుకెళ్తే అడిగేదెవరు?

1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు, చారిత్రక ఆసక్తి ఉన్న ఇతర వస్తువులకి 100 ఏళ్లు నిండితే పురావస్తువు కిందికి వస్తాయి. వాటిని దేశం దాటించే హక్కు మామూలు మనుషులకి లేదు. తాతగారి రాతప్రతులు సూట్‌కేసులో పెట్టుకునేముందు పురావస్తు శాఖ వాళ్లని అడగండి.

అపోహ: పీడీఎఫ్ దొరుకుతోంది, ఇక పుస్తకం ఎందుకు?

చదవడానికి పీడీఎఫ్ వరమే, నేనూ రోజూ వాడతాను. కానీ స్కాన్ చేసిన ప్రతుల్లో చాలావాటికి అట్టలు లేవు, బైండు చేసిన లైబ్రరీ ప్రతులు కదా. మొన్న ఒక నవల అట్టతో సహా దొరికింది. దాని స్కాన్ ఎప్పుడో చూశాను, అందులో వెనక అట్ట లేదు. ఈ ప్రతి వెనక అట్ట మీద అదే ప్రచురణకర్త వేసిన పదకొండు పుస్తకాల జాబితా ఉంది. వాటిలో మూడింటి పేర్లు నేను అంతకుముందు ఎక్కడా వినలేదు. ఆ మూడు పేర్లూ చీటీ మీద రాసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.