ఎనిమిదో శ్లోకం దగ్గర ఆగిపోకండి

ధర్మశాస్త్రాల్లో రాజు గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి ‘నావిష్ణుః పృథివీపతిః’ అంటారు. రాజు సాక్షాత్తు విష్ణువే, ప్రశ్నిస్తే పాపం, మన పూర్వులు నోరు మూసుకుని బతికారు అని తేల్చేస్తారు. పొగడ్తగా అనేవారూ, నిందగా అనేవారూ చదివింది సగమే. ఆ మాటను విడదీసి చూడండి: న, అవిష్ణుః. విష్ణువు కానివాడు భూపతి కాడు. నాకు అందులో ఒక షరతు వినిపిస్తుంది.

అపోహకు ఆధారం లేకపోలేదు. మనుస్మృతి ఏడో అధ్యాయం, ఇంద్రుడు మొదలు కుబేరుడి దాకా ఎనిమిదిమంది దేవతల అంశలతో రాజు పుట్టాడంటుంది. పసివాడైనా రాజును మనిషే కదా అని చులకన చేయవద్దని, అతను నరరూపంలో ఉన్న గొప్ప దేవత అని ఎనిమిదో శ్లోకం. అందరూ అక్కడే పుస్తకం మూసేస్తారు. ఇంకో ఇరవై శ్లోకాలు ఓపిక పట్టాలి. ధర్మం తప్పిన రాజును దండమే, అంటే శిక్షించే అధికారమే, బంధువులతో సహా చంపుతుందని ఇరవై ఎనిమిదో శ్లోకం. తాను పట్టుకున్న దండమే తన మీదికి తిరుగుతుందన్నమాట. వినయం లేక నశించిన రాజుల పేర్లు నలభై ఒకటో శ్లోకంలో ఉన్నాయి. మొదటి పేరు వేనుడిది.

ఆ వేనుణ్ణి ఋషులు మంత్రించిన దర్భలతో చంపారని మహాభారతంలోని శాంతిపర్వం చెబుతుంది. అతని కుడిచేతిని మథిస్తే పుట్టిన పృథువు చేత ముందు ప్రతిజ్ఞ చేయించి, ఆ తర్వాతే పట్టం కట్టారు. అనుశాసనిక పర్వంలో భీష్ముడి మాట ఇంకా పదునైనది: కాపాడతానని చెప్పి కాపాడని రాజును పిచ్చికుక్కను చంపినట్టు చంపాలి. అక్కడి పదం ‘సంహత్య’, అంటే అందరూ ఏకమై.

భూమంతా రాజుదేనన్నది ఇంకో పుకారు. భూమి అందరిదీ కనుక, ఉన్నదంతా దానం చేయాల్సిన విశ్వజిత్ యాగంలో కూడా రాజు దాన్ని దానం చేయలేడని మీమాంసా శాస్త్రకర్త జైమిని సూత్రం. పన్ను రాజు ఇష్టమా? ఆరో వంతు రక్షణకు జీతమని ధర్మసూత్రకారుడు బౌధాయనుడు.

ఒక సాయంత్రం తరగతి అయ్యాక ఒక అమ్మాయి ఆగిపోయింది. “మాస్టారూ, మన శాస్త్రాల్లో మాలాంటివాళ్లకు అడిగే హక్కే లేదా?” అంది. గొంతులో బాధ ఉంది. “నువ్వే చదువమ్మా” అని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తీసి 336వ శ్లోకం మీద వేలు పెట్టాను. సామాన్యుడికి ఒక కార్షాపణం (నాటి నాణెం) జరిమానా పడే తప్పుకు రాజుకు వెయ్యి. రెండుసార్లు చదివి, “వెయ్యా?” అని అడిగింది. శ్లోకం సంఖ్యను అరచేతిలో రాసుకుని వెళ్లింది.