టెంపరేచర్ గన్ క్యాలిబ్రేషన్: అపోహలు – వాస్తవాలు

కరీంనగర్ వైపు రైస్ మిల్లుల నుంచి, ఏనుమాముల చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల నుంచి క్యాలిబ్రేషన్ (ప్రామాణిక కొలతతో పోల్చి సరిచూడటం) కోసం వరంగల్‌లోని మా బల్ల మీదికి వచ్చే టెంపరేచర్ గన్‌లలో (తాకకుండా దూరం నుంచే వస్తువు వేడిని కొలిచే పరికరాలలో) చాలావాటికి ఏ దోషమూ ఉండదు. లోపమంతా వాటిని వాడిన తీరులోనో, అంతకుముందు పరీక్షించిన తీరులోనో ఉంటుంది.

అపోహ: క్యాలిబ్రేటర్ (గన్‌ను గురిపెట్టి పరీక్షించే వేడి ప్లేటు గల పరికరం) 200 డిగ్రీలు చూపుతున్నప్పుడు గన్ కూడా 200 చూపితే పని పూర్తయినట్టే.

వాస్తవం: క్యాలిబ్రేటర్ తెర మీది అంకె ప్లేటు లోపల, ముఖానికి వెనుక అమర్చిన సెన్సరు చెప్పేది, గన్ చూసేది ఆ ముఖం నుంచి వెలువడే పరారుణ కిరణాలను. ఎండాకాలం గదిలో కూలర్ తిరుగుతుంటే ఆ గాలికి ప్లేటు ముఖం చల్లబడుతుంది, కానీ లోపలి సెన్సరుకు ఆ తేడా పూర్తిగా అందదు. కాబట్టి ప్లేటు ముఖాన్నే ప్రామాణిక రేడియేషన్ థర్మామీటరుతో క్యాలిబ్రేట్ చేయించాలి, గన్‌ను పరీక్షించేటప్పుడు కూలర్ ఆపాలి, అంకె నిలకడగా ఉన్నా మరికొంతసేపు ఆగాలి.

ఇక ఎమిస్సివిటీ సంగతి, అంటే ఒక ఉపరితలం తన వేడిని కిరణాలుగా ఎంత మేరకు వెలువరిస్తుందో చెప్పే, గరిష్ఠంగా 1 ఉండే విలువ. ప్లేటు పూత ఎమిస్సివిటీ 0.95 అయితే, మిగిలిన ఐదు శాతం మేరకు గన్‌కు చేరేది గదిలోని వస్తువుల నుంచి ప్లేటు మీద పడి తిరిగి వచ్చిన కిరణాలే. గన్‌లో ఆ విలువను 1.00గా ఉంచి 200 డిగ్రీల ప్లేటును చూస్తే, 8–14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలను చూసే గన్ సుమారు ఆరు డిగ్రీలు తక్కువ చూపుతుంది. ఈ తేడాను గన్ తప్పుగా భావించి సర్దుబాటు చేస్తే, బాగున్న పరికరాన్ని మన చేతులతోనే పాడుచేసినట్టవుతుంది.

అపోహ: ఎర్రటి చుక్క పడిన చోటి వేడినే గన్ కొలుస్తుంది.

వాస్తవం: లేజర్ గురి చూపడానికి మాత్రమే. గన్ మీద 12:1 (దూరానికీ, చూసే వృత్తం వ్యాసానికీ ఉన్న నిష్పత్తి) అని ఉంటే 60 సెంటీమీటర్ల దూరంలో అది సుమారు 5 సెంటీమీటర్ల వ్యాసం గల వృత్తాన్ని చూస్తుంది, ఆ వృత్తం బయటి నుంచి కూడా కొంత శక్తి లెన్సును చేరుతుంది. అందువల్ల ప్లేటు ఆ వృత్తం కంటే రెండు మూడు రెట్లు పెద్దదిగా ఉండాలి. మా 12.5 సెంటీమీటర్ల ప్లేటును 200 డిగ్రీల వద్ద ఉంచి, గన్‌ను 30 సెంటీమీటర్ల నుంచి మీటరు దూరానికి జరిపితే అంకె నాలుగైదు డిగ్రీలు పడిపోతుంది. దూరం, ఎమిస్సివిటీ రాయని సర్టిఫికెట్‌ను నేను సర్టిఫికెట్‌గా లెక్కించను.

అపోహ: క్యాలిబ్రేట్ చేసిన గన్ దేని మీదైనా సరిగానే చూపుతుంది.

వాస్తవం: ఒక మిల్లులో ఆవిరి గొట్టం చుట్టూ ఉన్న అల్యూమినియం రేకు మీద గన్ 46 చూపింది, చేయి పెడితే మాత్రం నిలవలేదు. అదే చోట నల్లటి ఇన్సులేషన్ టేపు అంటించి, అది రేకుతో సమానంగా వేడెక్కేదాకా ఆగి చూస్తే 71 వచ్చింది. మెరిసే లోహం తన వేడిని తక్కువగా వెలువరించి, చుట్టుపక్కల వేడిని ఎక్కువగా ప్రతిఫలిస్తుంది.

అపోహ: క్యాలిబ్రేషన్‌కు పంపే ముందు లెన్సును శుభ్రంగా తుడిచి పంపాలి.

వాస్తవం: తుడవకుండా పంపండి. మిల్లు దుమ్ముతో, కోల్డ్ స్టోరేజీ చెమ్మ మరకలతో ఆ గన్ ఇన్నాళ్లూ ఎంత చూపిందో మేము ముందు నమోదు చేసుకోవాలి, ఎందుకంటే మీ రిజిస్టరులోని పాత అంకెలను నమ్మవచ్చో లేదో తేల్చేది ఆ నమోదే. లెన్సును తుడిచేది ఆ తరువాతే, తుడిచాక మరోసారి కొలిచి రెండు అంకెలనూ సర్టిఫికెట్‌లో రాస్తాము.