వజ్రం డబ్బు, ఓటర్లు లేని ఊరు: బొకానక్ పిట్‌ల కథ

18వ శతాబ్దపు ఇంగ్లండ్ రాజకీయాల్లో పిట్ అనగానే ప్రధానమంత్రులైన తండ్రీకొడుకులు, ఇద్దరు విలియం పిట్‌లే గుర్తొస్తారు. ఆ ఇంటి ఆస్తి, దాంతోపాటు పార్లమెంటు సీట్లు పంచిపెట్టే అధికారం మాత్రం పెద్ద విలియం అన్న థామస్ పిట్ (1705–1761) చేతిలో ఉండేవి. కార్న్‌వాల్‌లోని బొకానక్ ఎస్టేటు ఆయనది. ఎస్టేటు, సీట్లు, అప్పులు ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉండేవో చూడాలంటే తమ్ముడి కంటే ఈ అన్న జీవితమే బాగా పనికొస్తుంది.

కుటుంబ సంపదకు మూలం తాత, ఆయన పేరూ థామసే. డోర్సెట్‌లో ఒక చర్చి పాదిరి కొడుకు. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా బాలాసోర్ కేంద్రంగా దొంగ వ్యాపారం చేసి, కంపెనీతో ఏళ్ల తరబడి తగవు పడ్డాడు. ఆపలేని మనిషిని జీతంలో పెట్టుకోవడమే మేలనుకుందో ఏమో, ఆ కంపెనీయే 1698లో ఆయన్ను మద్రాసు సెయింట్ జార్జి కోట గవర్నరును చేసింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే 410 క్యారెట్ల ముడి వజ్రం అక్కడే ఆయన చేతికొచ్చింది. జామ్‌చంద్ అనే వ్యాపారి 2 లక్షల వరహాలు అడిగితే, బేరమాడి 48 వేల వరహాలకు దింపాడు. వరహా ఎనిమిదిన్నర షిల్లింగుల లెక్కన 20,400 పౌండ్లు. కూలీని చంపి కాజేసిన రాయి అన్న పుకారు మాత్రం వదల్లేదు. చివరికి 1710లో, ఇంటికి వెళ్లే దారిలో, ఎలా కొన్నాడో ప్రమాణపూర్వకంగా రాసి పెట్టాల్సి వచ్చింది.

లండన్‌లో రెండేళ్లు సానబెడితే రాయి మూడో వంతుకు, అంటే సుమారు 140 క్యారెట్లకు తగ్గింది. అంత ఖరీదైన రాయిని కొనేవాడు దొరకడం మరీ కష్టమైంది. 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధి ఓర్లియాన్ డ్యూక్ 1,35,000 పౌండ్లకు కొన్నాడు. ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్న 'రీజెంట్' వజ్రం అదే. డబ్బు రాగానే తాత బొకానక్ కొన్నాడు. దాని పాత యజమాని లార్డ్ మోహన్ 1712లో ద్వంద్వయుద్ధంలో చనిపోయాడు.

ఓల్డ్ సారం నియోజకవర్గాన్ని మాత్రం తాత వజ్రం కంటే ముందే, 1691లో, సాల్స్‌బరీ ఎర్ల్ దగ్గర కొనేశాడు. సాల్స్‌బరీ పక్కన పాడుబడిన గుట్ట అది, మీద కాపురముండే మనిషి లేడు. అయినా పార్లమెంటుకు ఇద్దరు సభ్యులు. ఓటు మనిషిది కాదు, కొన్ని నిర్ణీత స్థలాలది. ఆ స్థలాలన్నీ ఒకే యజమానివైతే ఎన్నిక అంతా కాగితాల పనే: పోలింగుకు ముందు నమ్మకస్తుల పేరిట రాసిస్తారు, వాళ్లు చెప్పిన పేరుకు ఓటేస్తారు, తర్వాత స్థలాలు తిరిగి రాసిచ్చేస్తారు. ఖర్చు దాదాపు లేదు.

తాత 1726లో, తండ్రి రాబర్ట్ 1727లో పోయారు. ఆస్తి అంతా పెద్ద కొడుకు థామస్‌కు దక్కింది. చిన్నవాడు విలియంకు దక్కింది ఏడాదికి 100 పౌండ్లు. 1734లో థామస్ రెండు చోట్ల గెలిచి డెవన్‌లోని ఓక్‌హాంప్టన్ ఉంచుకున్నాడు. ఖాళీ అయిన ఓల్డ్ సారం 1735లో తమ్ముడికిచ్చాడు. తర్వాత దేశాన్నే నడిపిన విలియం సభలో అడుగుపెట్టింది అలా.

ఓక్‌హాంప్టన్ అలా కాదు. అక్కడ నిజమైన ఓటర్లున్నారు, బెడ్‌ఫర్డ్ డ్యూక్ పలుకుబడీ ఉంది. ప్రతి ఎన్నికా ఖర్చే. థామస్‌ను ముంచింది ఈ రకం సీట్లే. కార్న్‌వాల్ ఒక్కటే 44 మంది సభ్యుల్ని పంపేది, స్కాట్లాండ్ మొత్తానికి 45 మందే. యువరాజు ఫ్రెడరిక్ కార్న్‌వాల్ డ్యూక్ కూడా. ఆయన తరఫున 1741 ఎన్నికలు నడిపినవాడు థామస్. అక్కడ తగిలిన దెబ్బే మరుసటి ఏడాది ప్రధాని వాల్పోల్ ప్రభుత్వం పడిపోవడానికి ఒక పెద్ద కారణం. ప్రతిఫలంగా 1742లో తగరపు గనుల కోర్టులపై అధికారమున్న లార్డ్ వార్డెన్ పదవి వచ్చింది. అసలు ఆశ వేరు: యువరాజు రాజైతే పెట్టినదంతా తిరిగొస్తుందని. యువరాజు 1751లో, తండ్రి బతికుండగానే చనిపోయాడు. పదవి పోయింది, అప్పు మిగిలింది. ఇంత పెట్టుబడి ఒక్క ప్రాణం మీద పెట్టడం ఆ కాలపు లెక్కలోనూ తెలివైన పని కాదు.

ఇక అమ్ముకోవడానికి ఉన్నది ఓల్డ్ సారమే. 1754లో అక్కడ అభ్యర్థుల్ని నిలిపే హక్కు ప్రభుత్వానికి అప్పగించి, ఏటా 1,000 పౌండ్ల పింఛను తీసుకున్నాడు. మరుసటి ఏడాది అప్పులవాళ్ల బాధకు దేశం దాటాడు. ఎస్టేటు తరతరాలకు కట్టిపెట్టిన ఆస్తి కాబట్టి వారసుడి సంతకం లేనిదే అమ్మడం కుదరదు. కేంబ్రిడ్జ్‌లో చదివిన కొడుకు, మూడో థామస్, తండ్రి అడిగితే ఆ కట్టు విప్పడానికి ఒప్పుకున్నాడు. ఆ కుర్రాడి చదువు గురించి ఉత్తరాలు రాసి పట్టించుకున్నది తండ్రికంటే బాబాయి విలియమే. తల్లి క్రిస్టియన్, హాగ్లీ లిటిల్టన్‌ల ఆడపడుచు, 1750లోనే పోయింది.

మూడో థామస్ 1784లో కామెల్‌ఫర్డ్ ప్రభువయ్యాడు. రాజకీయాల కంటే భవన నిర్మాణం మీదే మోజు ఎక్కువ. ఆయన కొడుకు 1804లో ద్వంద్వయుద్ధంలో చనిపోవడంతో మగ వారసులు లేకుండా పోయారు. బొకానక్ అతని అక్క ఆన్‌కు వెళ్లింది. ఆమె భర్త గ్రెన్‌విల్, ప్రధానిగా ఉండగా 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించినవాడు.

ఓల్డ్ సారం అంతకు ముందే, 1802లో, కేలెడన్ ఎర్ల్ కుటుంబానికి 60 వేల పౌండ్లకు చేతులు మారింది. ఇల్లూ వాకిలీ లేని గుట్టకు ఆ ధర. 1785లో ప్రధానిగా ఉన్న చిన్న పిట్, అంటే విలియం కొడుకు విలియం, ఇలాంటి 36 ఊళ్లకు పరిహారమిచ్చి రద్దు చేద్దామని 10 లక్షల పౌండ్ల నిధి ప్రతిపాదిస్తే సభ తోసిపుచ్చింది. 1800లో ఐర్లండ్ విలీనమప్పుడు సీట్లు పోయిన ఊళ్ల యజమానులకు ఒక్కో ఊరికి 15 వేలు ముట్టాయి. 1832లో ఓల్డ్ సారం రద్దయినప్పుడు కేలెడన్‌లకు పైసా రాలేదు.