కోంబి గేర్‌బాక్సు, యాక్సిల్: అపోహలు - వాస్తవాలు

"బండి 1972 మోడల్. గేర్‌బాక్సు ఏది కావాలి?" అని ఫోన్ చేసేవాళ్లకు నా జవాబు ఒక్కటే: కిందికి దూరి చూసి చెప్పండి. కోంబిలు, అంటే ఫోక్స్‌వ్యాగన్ ఎయిర్‌కూల్డ్ వ్యాన్లు, యాభై ఏళ్లలో ఎన్ని చేతులు మారాయో! ఛాసిస్ నంబరు బండి పుట్టుక చెబుతుంది, ఇప్పుడు కింద ఏముందో చెప్పదు.

అపోహ: ముందు అద్దం రెండు ముక్కలుగా ఉంటే అది 1967 లోపు బండే.

వాస్తవం: జర్మనీ బండ్లకే ఈ లెక్క. బ్రెజిల్లో అదే ఆకారం 1975 దాకా తయారైంది.

అపోహ: ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు గేర్‌బాక్సు పాత కోంబికి అలాగే సరిపోతుంది.

వాస్తవం: బిగించడానికి బిగుస్తుంది. ఆ తర్వాతే తమాషా. 1950లో వచ్చిన కోంబి ఇంజిను 25 హార్స్‌పవర్, బరువు చూస్తే సరుకుల బండి. అందుకే వెనక చక్రాల దగ్గర చెరో రిడక్షన్ బాక్సు పెట్టారు. యుద్ధకాలపు జర్మన్ సైనిక వాహనం క్యూబెల్‌వాగన్ నుంచి తెచ్చుకున్న ఉపాయమిది. జత పళ్లచక్రాల వల్ల చక్రం వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది, యాక్సిల్ నేలకు ఎత్తుగా ఉంటుంది. అయితే ఆ జత వల్ల తిరిగే దిశ కూడా మారిపోతుంది. దాన్ని సరిచేయడానికే కోంబి గేర్‌బాక్సులో క్రౌన్ వీల్ (తిప్పే బలాన్ని యాక్సిళ్లకు మళ్లించే పెద్ద పళ్లచక్రం) బీటిల్‌కు ఎదురు వైపు ఉంటుంది. క్రౌన్ వీల్ తిప్పి పెట్టకుండా బీటిల్ గేర్‌బాక్సు ఎక్కిస్తే నాలుగు రివర్స్ గేర్లు, ముందుకు పోవడానికి ఒకటే గేరు! ఒకాయన కొనుక్కొచ్చిన బండిలో ఇదే చూశాను. నవ్వు ఆపుకోలేకపోయాను, పాపం.

చక్రం వెనక బొడిపెలాంటి డబ్బా, దానికి విడిగా ఆయిల్ ప్లగ్ కనిపిస్తే రిడక్షన్ బాక్సు ఉన్నట్టే. ఇలాంటి పాత కోంబికి అది లేకపోతే, బండి ఎత్తు తగ్గాలని ఎవరో తీసేశారన్నమాట. అలాంటప్పుడు లోపల ఏ గేర్‌బాక్సు ఉందో మళ్లీ మొదటి నుంచి చూడాలి.

అపోహ: వెనక యాక్సిల్ పాత రకం స్వింగ్ యాక్సిలా, తర్వాతి రకం ఐఆర్‌ఎస్సా (ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్) అన్నది విప్పితేనే తెలుస్తుంది.

వాస్తవం: రబ్బరు బూట్లు లెక్కపెట్టండి, చాలు. గేర్‌బాక్సు పక్కనే ఒక్కో బూటు ఉండి, అక్కడి నుంచి చక్రం దాకా లావాటి గొట్టం ఉంటే స్వింగ్ యాక్సిల్. బయటికి కనిపించే షాఫ్టు, దాని రెండు చివర్లా సీవీ జాయింట్లు (వంగినా తిరిగే కీళ్లు), బూట్లు ఉంటే ఐఆర్‌ఎస్. 1968 మోడల్ నుంచి జర్మనీ కోంబిలో ఇదే.

అపోహ: గేర్‌బాక్సు కేసు (బయటి డొల్ల) మీద గట్లు లెక్కపెడితే గేర్ రేషియో తెలిసిపోతుంది.

వాస్తవం: ఆరు గట్లుంటే 1976 నుంచి వచ్చిన 091 రకం గేర్‌బాక్సు, మూడుంటే అంతకు ముందున్న 002 రకం. ఈ గుర్తు కేసు వరకే. లోపల క్రౌన్ వీల్ రేషియో 5.375 ఉందా, 4.57 ఉందా అన్నది గట్లు చెప్పవు, ముఖ్యంగా ఒకసారి విప్పి బిగించిన బాక్సయితే.

దానికి నేను చేసేది ఇది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక ఒక చక్రం మాత్రమే స్టాండు మీద లేపుతాను. రెండోది నేల మీద కదలకుండా ఉండాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి, మూడో గేరులో పెట్టి, పాన పెట్టి ఇంజిన్ పుల్లీని తిప్పుతాను. లేచిన చక్రం సరిగ్గా రెండు చుట్లు తిరిగేసరికి పుల్లీ ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. రెండు బాక్సుల్లోనూ మూడో గేరు 1.26 కాబట్టి, 5.375 అయితే సుమారు ఆరు ముప్పావు, 4.57 అయితే ఐదు ముప్పావు. పుల్లీ మీద సుద్దగీత గీసుకుంటే లెక్క తప్పదు. రిడక్షన్ బాక్సులున్న బండికి మాత్రం ఈ అంకెలు పనికిరావు.

అపోహ: క్లచ్ పెడల్ లేకపోతే బీటిల్లో వచ్చిన ఆటోస్టిక్కే (క్లచ్ పెడల్ లేకుండా చేత్తో గేర్లు మార్చే పద్ధతి).

వాస్తవం: కోంబికి ఆటోస్టిక్ ఎప్పుడూ రాలేదు. 1973 మోడల్ నుంచి వచ్చింది మూడు గేర్ల అసలు ఆటోమేటిక్. బండి రేకు పలక మీద 249 అన్న కోడ్ ఉంటే ఫ్యాక్టరీలో బిగించినదే. ఆ కోడ్ ఉండి కింద క్లచ్ పెడల్ కనిపిస్తే, బేరం ఆడే ముందు ఎవరు మార్చారో అడగండి.