శిఖరం మీద గెట్టు పంచాయితీ: కీలకమంతా 1865 మ్యాపులోనే

ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దులో ఉన్న మౌంట్ బ్లాంక్ కొస ఎవరిదన్న పేచీ మళ్లీ రేగింది. రేగినప్పుడల్లా 1786లో దాన్ని మొదట ఎక్కిన ఇద్దరి కథతో మొదలెట్టడం అలవాటైపోయింది. ఈ గొడవకు దానితో పనిలేదు.

1860లో టూరిన్ ఒప్పందం ప్రకారం సార్డీనియా రాజు (ఆయన రాజ్యమే మరుసటేడు ఇటలీ అయింది) మౌంట్ బ్లాంక్ పక్కనున్న సవాయ్ ప్రాంతాన్ని ఫ్రాన్స్‌కు ఇచ్చేశాడు. 1861 మార్చి 7న హద్దుల ఒప్పందం కుదిరింది. దానికి జతచేసిన మ్యాపులో గీత సరిగ్గా శిఖరం మీదుగానే పోతుంది. రెండు పక్షాలూ ఒప్పుకున్న కాగితం అది.

నాలుగేళ్లకే, 1865లో, ఫ్రెంచి సైన్యానికి చెందిన కెప్టెన్ మియోలే కొత్త మ్యాపు వేశాడు. అందులో గీత కొసను వదిలేసి, ఇటలీ వైపున్న కూర్మయోర్ పక్క శిఖరం మీదికి జరిగింది. అంతే, ఆల్ప్స్‌లోకెల్లా ఎత్తైన చోటు మొత్తం ఫ్రాన్స్ లోపలికి వెళ్లిపోయింది. మన ఊళ్లలో సర్వేయరు గొలుసు ఇలా జరిగితే కోర్టుకెక్కుతారు. ఫ్రాన్స్ 1796 నాటి ఒప్పందాన్ని కూడా చూపిస్తుంది. నెపోలియన్ కాలపు ఆ కాగితాలు ఆయనతోనే చెల్లిపోయాయని ఇటలీ అంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొండ దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నైస్ రాళ్లది. కొస మాత్రం మంచు టోపీ. అసలు రాతి కొస 4,792 మీటర్ల దగ్గర, మంచు కొసకు ఓ 40 మీటర్లు పక్కన ఉంది. గాలివాటాన్ని బట్టి మంచు పెరుగుతుంది, తరుగుతుంది. 2007లో ఎత్తు 4,810.90 మీటర్లు, 2023లో 4,805.59.

ఎక్కేవాళ్లలో ఎక్కువమంది ఫ్రాన్స్ వైపు గూటే దారిలోనే వెళ్తారు. 1890లో అకిల్లే రాట్టి (తర్వాత ఆయనే పోప్ పదకొండో పయస్) దిగిన ఇటలీ దారికి ‘పోప్ దారి’ అన్న పేరు మిగిలింది. జనం అటు తక్కువ. కాబట్టి రూల్స్ పెట్టేది ఎక్కువగా ఫ్రెంచి అధికారులే.

2015లో ఫ్రెంచి వాళ్లు కొండెక్కేవాళ్లు బసచేసే తోరీనో షెల్టర్ దగ్గర, తమదని ఇటలీ చెప్పే చోట, అడ్డుకంచె పెట్టారు. 2020 అక్టోబరు 1న ఫ్రెంచి ప్రిఫెక్టు (మన కలెక్టరు లాంటి అధికారి) ఉత్తర్వు ఇచ్చి వివాదపు చోటును కూడా ప్రకృతి రక్షణ ప్రాంతంలో కలిపేశాడు. ఇటలీ విదేశాంగశాఖ నిరసన తెలిపింది. దాని మ్యాపుల్లో గీత ఇప్పటికీ 1861లో గీసిన చోటే ఉంది.