బోడిగుండుకూ మోకాలికీ ముడి

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి జీవ పరిణామం పాఠాన్ని తీసేసింది. మన రాష్ట్ర సిలబస్ వేరు కాబట్టి నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు బడులకు ఆ కోత నేరుగా తగల్లేదు. పాత ప్రశ్న మాత్రం మళ్లీ లేచింది: కోతి నుంచే మనిషి పుడితే, మా ఊరి కోతులు ఇంకా కోతులుగానే ఎందుకున్నాయి సార్? ఇంటి పెంకులు పీకి, మక్క కంకులు విరిచే కోతుల మధ్య పెరిగే పిల్లలు అడగాల్సిన ప్రశ్నే.

ఆ తోక కోతులు మనకు దూరపు చుట్టాలు. పాలివాళ్లు వేరే ఉన్నారు: ఆఫ్రికాలోని చింపాంజీ, బోనబో, గొరిల్లా. వాళ్లకు తోక లేదు. వాటి నుంచి కూడా మనం పుట్టలేదు. చింపాంజీల దారీ మన దారీ ఒకే పూర్వీకుల దగ్గర, సుమారు 60-70 లక్షల ఏళ్ల కిందట చీలాయి.

ఈ పోలిక డార్విన్‌తో మొదలైంది కాదు. 1699లోనే లండన్‌లో ఎడ్వర్డ్ టైసన్ అనే వైద్యుడు చనిపోయిన ఓ పిల్ల చింపాంజీని కోసి చూసి, 48 విషయాల్లో అది మనిషికి దగ్గర, 34 విషయాల్లో కోతులకు దగ్గర అని లెక్క రాశాడు. గొరిల్లా సంగతి శాస్త్రానికి తెలిసింది 1847లో. ఆ తర్వాత గొడవంతా మెదడు మీదే. మనిషి మెదడులో మాత్రమే ఉండే భాగం ఒకటుందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ వాదిస్తే, అది చింపాంజీ, గొరిల్లాలకూ ఉందని డార్విన్ పక్షం వహించిన థామస్ హక్స్‌లీ చూపించాడు.

అసలు తేడా నడకలో బయటపడింది. వెన్నుపాము పుర్రెలోకి వెళ్లే రంధ్రం చింపాంజీకి వెనక వైపు జరిగి ఉంటుంది. మనకు పుర్రె అడుగున, దాదాపు మధ్యలో ఉంటుంది. తల వెన్ను మీద నిలబడేది అందుకే. దక్షిణాఫ్రికాలో దొరికిన ఓ పిల్ల పుర్రెలో ఆ రంధ్రం ముందుకు జరిగి ఉండటం చూసి, 1925లో శరీర శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ ఇది రెండు కాళ్ల మీద నడిచిన జీవి అన్నాడు. పెద్ద శాస్త్రవేత్తలు చాలామంది చాలాకాలం నమ్మలేదు.

రెండో సాక్షి మోకాలు. చింపాంజీ తొడ ఎముక తుంటి నుంచి తిన్నగా కిందికి దిగుతుంది. అందుకే అది లేచి నడిస్తే రెండు పాదాలూ ఎడంగా పడి, ఒళ్లు అటూ ఇటూ ఊగుతుంది. మన తొడ ఎముక లోపలికి వాలి మోకాళ్లను దగ్గరికి తెస్తుంది. అడుగు తీసినప్పుడు ఒంటి బరువు ఒక్క కాలి మీద నిలిచేది ఆ వాలు వల్లే. పుట్టిన బిడ్డకు ఈ వాలు ఉండదు, నడక నేర్చేకొద్దీ వస్తుంది. ఏ కారణంగానో నడవలేకపోయిన పిల్లల్లో రాదు. 1973లో ఇథియోపియాలోని హడార్‌లో అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ జోహాన్సన్‌కు సుమారు 34 లక్షల ఏళ్ల నాటి మోకాలి ఎముకలు దొరికాయి. వాటిలో ఈ వాలు స్పష్టంగా ఉంది. మరుసటి ఏడాది అక్కడే, రెండు కాళ్ల మీద నడిచిన ఆ పూర్వపు జీవిది, లూసీ అని పేరుపెట్టిన అస్థిపంజరం దొరికింది. బోడిగుండుకూ మోకాలికీ ఇక్కడ నిజంగానే ముడి ఉంది.

అదే 1973లో మన మోకాళ్లూ వార్తకెక్కాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే నల్లగొండ ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లోనే వ్యాసం వచ్చింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో రాసింది వేరే లక్షణం గురించి: ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేంతగా కాళ్లు వంకరపోవడం. నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు జొన్న తిండిలోని మాలిబ్డినం, ఒంట్లో రాగి తగ్గడం కూడా కారణం కావచ్చని తర్వాతి పరిశోధనలు అన్నాయి. నాగార్జునసాగర్ వచ్చాక ఊటనీరు పైకి రావడానికీ దీనికీ లంకె ఉందన్న వాదన కూడా నడిచింది.

ఈ రెండు మోకాళ్లనూ కలిపేస్తేనే తప్పు. మునుగోడు, మర్రిగూడ వైపు చూసిన వంకర జబ్బు తెచ్చింది, తరాల మీద వచ్చిన మార్పు కాదు. కాళ్లు వంగిన తండ్రికి పుట్టిన బిడ్డ మంచి నీళ్లు తాగి పెరిగితే కాళ్లు మామూలుగానే ఎదుగుతాయి. హడార్ మోకాలిలోని వాలు మాత్రం లక్షల ఏళ్లుగా ప్రతి తరంలోనూ, నడిచిన ప్రతి బిడ్డకూ వస్తూనే ఉంది. క్లాసులో ఈ తేడా చెప్పడానికి చింపాంజీ అస్థిపంజరమే అక్కర్లేదు.